సగం ఆట పాత టీమ్‌లోనే ఉండిపోయింది

2022 ఫిబ్రవరి 19, శనివారం. రాత్రి ఎనిమిదిన్నరకి ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో క్రిస్టల్ ప్యాలెస్, చెల్సీ మ్యాచ్ అని శ్రీకాకుళంలో మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం, నేనూ మా బావా. బావ చెల్సీ అభిమాని. ఆ ఏడాది అయితే చెల్సీ స్ట్రైకర్, అంటే ముందు నిలబడి గోల్స్ కొట్టేవాడు, లుకాకు పేరు తప్ప ఇంకో పేరు ఎత్తేవాడు కాదు. ఆట మొదలైన అరగంటకి అనుమానమొచ్చి అడిగాడు, "ఏటి బావా, మనోడు ఆడతన్నాడా, బెంచీ మీదున్నాడా?"

ఆడుతున్నాడు. తొంభై నిమిషాలూ ఆడాడు. ఆట అయ్యాక లెక్క బయటికొచ్చింది, మొత్తం మ్యాచ్‌లో అతను బంతిని తాకింది 7 సార్లు. అందులో ఒకటి సెంటర్‌లో బంతి పెట్టి ఆట మొదలుపెట్టినప్పటిది. ఇంగ్లండ్ పెద్ద లీగ్ ప్రీమియర్ లీగ్‌లో ఈ లెక్కలు రాస్తున్న 2003-04 సీజన్ నుంచి చూస్తే, పూర్తి మ్యాచ్ ఆడినవాడు ఇంత తక్కువసార్లు బంతిని తాకడం అంతవరకు ఎప్పుడూ లేదట. చివర్లో చెల్సీ ఆటగాడు జియెష్ గోల్ కొట్టి 1-0తో గెలిపించాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే బావ ఆ రాత్రి భోజనం చేసేవాడు కాదు.

దానికి ఆరు నెలల ముందే చెల్సీ అతన్ని ఇంటర్ మిలాన్ నుంచి 97.5 మిలియన్ పౌండ్లు పెట్టి కొనుక్కుంది. మన లెక్కలో వెయ్యి కోట్ల రూపాయలకి అటూ ఇటూ. ఊరికే పెట్టలేదు, 2020-21లో ఇటలీ లీగ్‌లో 24 గోల్స్ కొట్టి ఇంటర్‌ని ఛాంపియన్ చేశాడు. ఇంతా చేసి, ఏడాది తిరక్కుండానే మళ్లీ అదే ఇంటర్‌కి లోన్ మీద, అంటే కొన్నాళ్లు ఆడమని అరువుకి, పంపేశారు. "డబ్బు రాగానే బద్ధకం వచ్చేసింది" అని బావ తీర్పు. సోషల్ మీడియాలోనూ అదే గోల. నాకు మాత్రం ఆ మాట ఎప్పుడూ సరిగ్గా అతకలేదు, ఎందుకో చెప్తాను, కాస్త చుట్టూ తిరిగి వస్తాను, ఓపిక పట్టండి.

మనది బరువులెత్తే జిల్లా. ఆమదాలవలసలో ఎత్తినా సిడ్నీలో ఎత్తినా ఇనుము ఇనుమే. 2000 ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. వెనకాల కోచ్ కష్టం ఉంటుంది, ఇంట్లోవాళ్ల త్యాగం ఉంటుంది, నిజమే, కానీ బార్ మీద చెయ్యి పడ్డాక ఆ 240లో ఇంకొకరి కిలో ఒక్కటి కూడా లేదు. ఆ బలం ఆమె ఒంట్లో ఉంది, ఆమె ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్తుంది. ఆట అనగానే మన బుర్రలో మెదిలేది ఇదే లెక్క. అందుకే ఫుట్‌బాల్ ఆటగాడి పేరు పక్కన 24 గోల్స్ అని చూడగానే, ఆ 24నీ అతను సంచిలో వేసుకుని కొత్త ఊరికి దిగుతాడనుకుంటాం. ఆ 24లో పాస్ ఇచ్చినవాడి వాటా ఎంత, పక్కన పరుగెత్తి డిఫెండర్‌ని లాక్కుపోయినవాడి వాటా ఎంత, ఎదుటి జట్టు ఖాళీ వదిలేసిన చోటు ఎంత, ఆ పట్టికలో కనపడదు.

నాకిది ఫుట్‌బాల్ చూసి తెలిసిన సంగతి కాదు. వాలీబాల్ ఆడి తెలిసింది, అదీ ఓడిపోయి.

మా అమ్మగారి ఊళ్లో సంక్రాంతికి వాలీబాల్ పోటీలు పెడతారు. వరి కోసేసిన మడి చదును చేసి, రెండు సరుగుడు కర్రలు పాతి నెట్టు కట్టి, లైట్లు పెట్టి రాత్రంతా ఆడతారు. ఒక ఏడాది మా టీమ్‌కి మిలిటరీలో ఉద్యోగం చేసే ఒకాయన దొరికాడు, పండక్కి సెలవు మీద వచ్చాడు, తన యూనిట్ టీమ్‌లో ఆడతాడు. పొరుగూరివాళ్లు అడిగేలోపే మావాళ్లు వెళ్లి రానూపోనూ ఖర్చులూ, పైన ఇంతా అని మాట్లాడేసుకున్నారు. ప్రాక్టీసులో ఆయన కొట్టిన ఒక్క దెబ్బ చూశాం, బంతి మట్టిలో దిగబడినంత పనైంది. ఫస్ట్ ప్రైజు మనదే అని ఆ రాత్రే కోడికి ఆర్డర్ చెప్పేశారు.

మొదటి మ్యాచ్‌లోనే బయటికొచ్చేశాం. ఏం జరిగిందంటే, మా లిఫ్టర్‌కి ఏళ్ల తరబడి ఒకటే అలవాటు, బంతిని ఎడమ మూలకి బాగా ఎత్తుగా లేపుతాడు. అది పైకెళ్లి తీరిగ్గా కిందికి వస్తుంటే మూడడుగులు పరుగెత్తి కొట్టేవాణ్ణి నేను. మిలిటరీ ఆయనకి అలవాటైంది నెట్టు మధ్యలో, తక్కువ ఎత్తులో, చటుక్కున అందే బంతి. ఆయన ఎగిరేసరికి బంతి ఇంకా ఆకాశంలోనే ఉండేది. రెండుసార్లు అలా అయ్యాక మా లిఫ్టర్ కంగారుపడి తొందరగా ఇవ్వబోయాడు. అలవాటు లేని పని కదా, నెట్టుకి కొట్టాడు. ఆయన ముందుకొచ్చాడు కాబట్టి నన్ను వెనక్కి పంపారు, సర్వీసు తియ్యమని. నాకు సర్వీసు తియ్యడం రాదు. ఎదుటివాళ్లు నాలుగు బంతుల్లో ఆ సంగతి పసిగట్టేసి మిగతావన్నీ నా మీదికే వేశారు.

ఒక్కణ్ణి తెచ్చాం, ముగ్గురం చెడిపోయాం. జనం మాత్రం ఆయన్నే తిట్టారు, పైసలు తీసుకుని ఊరికే ఎగిరి దిగాడని. టీ కొట్టు దగ్గర ఆయన నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది. "మీవోడి బంతి పైకెళ్లి వచ్చేలోపు నేను ఎగిరి, దిగి, ఇంటికెళ్లి రావచ్చు తమ్ముడూ."

ఇప్పుడు లుకాకు దగ్గరికి వద్దాం. ఇంటర్‌లో కోచ్ కాంటే అతన్ని ఒంటరిగా నిలబెట్టలేదు. 3-5-2 ఆడేవాళ్లు, అంటే వెనక ముగ్గురు, మధ్యలో ఐదుగురు, ముందు ఇద్దరు, పక్కనే లౌతారో మార్టినెజ్ అని ఇంకో స్ట్రైకర్. ఇంటర్ చాలాసార్లు బంతిని తమ గోల్ దగ్గరే ఉంచుకుని ఎదుటివాళ్లని ముందుకి రానిచ్చేది. వాళ్లు వచ్చాక వెనకాల ఖాళీ మైదానం మిగిలేది. అప్పుడు పొడుగ్గా ఒక బంతి లుకాకుకి. అతను డిఫెండర్‌ని వీపుతో ఆపి, తిరిగి పరుగు అందుకున్నాడంటే ఇక అడ్డుకునే వాడు లేడు. కుడిపక్క సహచరుడు హకిమి అదే వేగంతో దూసుకొచ్చేవాడు. ఆ పరుగు మొదలవ్వడానికి కావలసింది ముప్పై నలభై గజాల ఖాళీ. లుకాకు బలంలో సగం ఆ ఖాళీయే.

చెల్సీలో ఆ ఖాళీ లేదు. అప్పుడే, 2021 మేలో, యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టు కదా, చిన్న జట్లు చెల్సీతో ఆడేటప్పుడు పదిమందీ తమ గోల్ ముందు గుమిగూడి కూర్చునేవారు. కోచ్ టూకెల్ జట్టు బంతిని ఇటూ అటూ ఓపిగ్గా తిప్పుతూ సందు కోసం వెతికేది. ముందు వరుసలో ఒకడే స్ట్రైకర్. అలాంటి గుంపులో వీపు ఎదుటివాడికి ఆనించి నిలబడి, చిన్న చిన్న పాస్‌లు ఆడి చోటు మారుతూ ఉండాలి, బంతి పోగానే మొదట వెంటపడాల్సిందీ అతనే. ఆ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది వెర్నర్, హావెర్ట్జ్, మౌంట్ లాంటి ఒక చోట నిలవని కుర్రాళ్లతో. ఇప్పుడు మధ్యలో ఒక కొండని పెట్టి, దాని చుట్టూ నడవమన్నట్టయింది. మొదటి మ్యాచ్‌లో ఆర్సెనల్ మీద గోల్ కొట్టాడు, అందరం లేచి చప్పట్లు కొట్టాం, ఆ రోజు ఎదుట దొరికిన డిఫెన్స్ అలాంటిది. మధ్యలో చీలమండ దెబ్బ తగిలింది. డిసెంబరులో ఒక ఇటలీ ఛానెల్‌కి ఇంటర్వ్యూ ఇచ్చి, ఇక్కడ నాకు సంతోషంగా లేదని చెప్పేశాడు, అది మాత్రం స్వయంకృతం, నేను వెనకేసుకురాను. మొత్తం మీద లీగ్‌లో 8 గోల్స్. బద్ధకస్తుడు ఏడుసార్లు తాకి ఊరుకున్నాడని బావ అంటాడు. పదిమందిలో ఎవరికీ ఏడుసార్లకి మించి అతనికి బంతి ఇచ్చే దారి దొరకలేదని నేనంటాను.

దీన్నుంచి పుట్టేదే ఇంకో చిక్కు. ఇద్దరు గొప్పవాళ్లకి ఒకే చోటు కావలసి రావడం. దీనికి నా దృష్టిలో కుటీన్యోని మించిన ఉదాహరణ లేదు.

2017 ఆగస్టులో నెయ్‌మార్ 222 మిలియన్ యూరోలకి బార్సిలోనాని వదిలి పారిస్ క్లబ్‌కి వెళ్లిపోయాడు. చేతిలో అంత డబ్బు ఉందని ఊరందరికీ తెలిశాక బేరం ఎలా సాగుతుందో సంతకి వెళ్లిన ఎవరికైనా తెలుసు. 2018 జనవరిలో లివర్‌పూల్ నుంచి కుటీన్యోని కొన్నారు, ముందు 120 మిలియన్ యూరోలు, షరతుల మీద ఇచ్చేవి కలిపితే 160 దాకా. ఎడమపక్క నుంచి లోపలికి కోసుకొచ్చి, పెనాల్టీ బాక్స్ అంచు నుంచి కుడికాలితో వంపు తిప్పి గోల్ కొట్టడం అతని ప్రత్యేకత. లివర్‌పూల్‌లో అతనికి ఆ మధ్య భాగం ఖాళీగా దొరికేది. బార్సిలోనాలో అదే భాగంలో పదేళ్లుగా ఒకాయన కాపురం ఉన్నాడు, పేరు మెస్సీ. కుడిపక్క నుంచి మెస్సీ లోపలికి, ఎడమపక్క నుంచి కుటీన్యో లోపలికి. ఇద్దరూ ఒకే గదిలో. నెయ్‌మార్ ఉన్నప్పుడు మధ్యకి దూరంగా ఎడమ గీత పక్కనే నిలబడి, డిఫెండర్లని తనవైపు సాగదీసేవాడు, దాంతో మధ్యలో మెస్సీకి గాలి ఆడేది. కుటీన్యోకి అది చేతకాదు, చెయ్యాలని లేదు కూడా. పోనీ ఇనియెస్టా వెళ్లిపోయాడు కదా, మిడ్‌ఫీల్డ్‌లో అతని చోట ఆడిద్దామంటే, ఇనియెస్టా చేసే పని బంతిని కాపాడి ఆటని నడపడం, కుటీన్యో చేసేది ఆటని ముగించడం. ఇది తెలిసే కొన్నారా అంటే, నెయ్‌మార్ పోయిన గాయానికి పెద్ద పేరు ఒకటి కట్టాలి, అభిమానులు చూస్తున్నారు, అధ్యక్షుడికి ఎన్నికలుంటాయి. ఇలాంటి చోట "వీడు ఎక్కడ నిలబడతాడు" అన్న ప్రశ్న ఆఖర్న వస్తుంది.

అటు లివర్‌పూల్ సంగతి చూడండి. ఆ నెలలోనే డిఫెండర్ వాన్ డైక్‌ని 75 మిలియన్ పౌండ్లకి తెచ్చుకుంది, ఆ వేసవిలో గోల్‌కీపర్ అలిసన్‌ని. రెండూ ఖాళీగా ఉన్న గదులు, రెండిట్లోకీ ఆ గదికి సరిపడే మనిషి. 2019 మే 7న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్, లివర్‌పూల్ 4-0తో బార్సిలోనాని ఇంటికి పంపింది. కుటీన్యో ఆ రోజు బార్సిలోనా చొక్కాలో ఉన్నాడు, గంట ఆడాక బయటికి లాగేశారు. మరుసటి సీజన్ లోన్ మీద జర్మనీ క్లబ్ బయర్న్‌కి పంపారు. 2020 ఆగస్టులో బయర్న్ 8-2తో బార్సిలోనాని చిత్తు చేసిన మ్యాచ్‌లో, చివరి పావుగంటకి దిగి ఒక గోల్‌కి పాస్ ఇచ్చి, రెండు తనే కొట్టాడు. తన అసలు క్లబ్ మీద. ఈ కథ ఎవరైనా సినిమాలో పెడితే మరీ అతి అంటాం.

గ్రీజ్‌మాన్‌దీ ఇదే వరస. 2019లో బార్సిలోనా అతన్ని అట్లెటికో నుంచి 120 మిలియన్ యూరోలకి తెచ్చుకుంది, అతనికీ మెస్సీ తిరిగే చోటే ఇష్టం, ఎడమ గీత దగ్గర నిలబెట్టారు, రెండేళ్లకి అట్లెటికోకి వెనక్కి వెళ్లిపోయాడు. ఒకసారి కాలిన చేత్తోనే మళ్లీ పెనం పట్టుకున్నారు.

కొత్తవాడు వచ్చినప్పుడు అందరి కళ్లూ అతని మీదే ఉంటాయి, పక్కకి జరిగినవాణ్ణి ఎవరూ చూడరు, మా టీమ్‌లో సర్వీసు తియ్యడానికి వెనక్కి పోయిన నన్ను ఎవరూ చూడనట్టే. 2003లో రియల్ మాడ్రిడ్ బెక్‌హామ్‌ని తెచ్చింది. అప్పటికే జిదాన్, ఫిగో, రొనాల్డో, రౌల్ ఉన్నారు. అదే వేసవిలో మకెలెలే జీతం పెంచమంటే కుదరదని చెల్సీకి అమ్మేసింది. మకెలెలే గోల్స్ కొట్టడు, పాస్‌లు కూడా పక్కనున్నవాడికి ఇచ్చి ఊరుకుంటాడు, చొక్కాలు అమ్ముడుపోయే రకం కాదు. అతని పనల్లా, పైనున్న రాజులందరూ ముందుకెళ్లి బంతి పోగొట్టుకున్నాక వెనకాల మిగిలిన మైదానమంతా ఒక్కడే కాయడం. అతను పోయాక మూడు సీజన్లు మాడ్రిడ్‌కి లీగూ దక్కలేదు, ఛాంపియన్స్ లీగూ దక్కలేదు. బెక్‌హామ్ చెడ్డగా ఆడాడని ఎవరూ అనలేరు. పెళ్లికి వచ్చినవాళ్లందరూ పీటల మీదే కూర్చుంటే వడ్డించేదెవరు?

వయసూ ఒళ్లూ వేరే సంగతి, అందులో చిక్కుముడేమీ లేదు. 2011 జనవరి ఆఖరి రోజున చెల్సీ 50 మిలియన్ పౌండ్లకి టోరెస్‌ని కొంది, అప్పటికే మోకాలికి ఆపరేషన్ అయి ఆ మెరుపు పరుగు తగ్గింది. మొదటి గోల్ ఏప్రిల్ 23న గాని పడలేదు. ఎదురుగా ఉన్న టోరెస్‌కి రెండేళ్ల కిందటి టోరెస్ ధర కట్టారు.

ఇక్కడిదాకా చదివి, సరిపడనివాడు ఎప్పటికీ సరిపడడనే అనుకుంటే అది కూడా తప్పే. 2021లో మాంచెస్టర్ సిటీ గ్రీలిష్‌ని 100 మిలియన్ పౌండ్లకి తెచ్చింది. ఆస్టన్ విల్లాలో అతనే రాజు. బంతి దొరికితే అతనికే ఇచ్చేవారు, ఇద్దరు ముగ్గురిని తప్పించుకుని కిందపడేదాకా అతనిదే ఆట. సిటీలో కోచ్ గ్వార్డియోలా అతనికి ఇచ్చిన పని వినడానికే చప్పగా ఉంటుంది. ఎడమ గీత పక్కన నిలబడు, బంతి వస్తే పోగొట్టకు, ఎదుటి ఫుల్‌బ్యాక్‌ని, అంటే ఆ పక్క కాసే డిఫెండర్‌ని, నీ దగ్గరే కట్టిపడెయ్, మిగతావాళ్లు తమ చోట్లకి వచ్చేదాకా ఆగు. మొదటి ఏడాది లీగ్‌లో 3 గోల్స్. వంద మిలియన్లకి మూడు గోల్సా అని నేనూ నవ్వినవాణ్ణే. రెండో ఏడాది సిటీ మూడు పెద్ద కప్పులూ గెలిచింది, ఆ జట్టులో అతను దాదాపు ప్రతి పెద్ద మ్యాచ్ ఆడాడు. గోల్స్ లెక్క పెద్దగా మారలేదు. మారింది అతని ఓపిక, అతను బంతి పట్టుకుని నిలబడ్డ ఆ రెండు మూడు సెకన్లు మిగతా తొమ్మిదిమందికి పనికొచ్చాయి. విల్లాలో చూసి మురిసిన గ్రీలిష్ మాత్రం మళ్లీ కనపడలేదు, నాకు ఆ గ్రీలిషే ఇష్టం, అది వేరే విషయం.

అటునుంచి ఇటు చూస్తే, తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న డి బ్రూయ్నా, సలా ఇద్దరూ చెల్సీలో బెంచీ అరగదీసినవాళ్లే. డి బ్రూయ్నాకి 2013-14 లీగ్‌లో దక్కింది మూడంటే మూడు మ్యాచ్‌లు. సలా లివర్‌పూల్‌కి వచ్చిన మొదటి ఏడాదే, 2017-18లో, లీగ్‌లో 32 గోల్స్ కొట్టాడు. కాళ్లు అవే. మధ్యలో ఎదిగారు కూడా, కాదనను, కానీ లివర్‌పూల్‌లో ఫిర్మినో స్ట్రైకర్ చోటు వదిలి కిందికి దిగితే ఆ ఖాళీలోకి పరుగెత్తడమే సలా పని, అలాంటి పని చెల్సీలో అతని కోసం ఎవరూ తయారుచెయ్యలేదు.

ఈ విద్య తెలిసినవాడు మన తెలుగు నేల మీదే ఒకాయన ఉండేవాడు. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. వెనకాల పెడితే ప్రతి బంతికీ తలపెట్టాలి, ప్రమాదం. బయట కూర్చోబెట్టకుండా రహీమ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరుసలో గోల్ కొట్టేవాడిగా, ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద భారత్ 2-1తో గెలిచింది, ఒక గోల్ పి.కె. బెనర్జీది, ఇంకొకటి ఆ డిఫెండర్‌దే. రాత్రికి రాత్రి చోటు మారిస్తే కుదిరిందేమిటి, ఇంతసేపూ చెప్పినదానికి ఇది అడ్డం కదా అని బావ అడిగాడు. పక్కనున్న చునీ గోస్వామి, బలరామ్, బెనర్జీ అతనితో కొన్నేళ్లుగా ఆడుతున్నవాళ్లు. వాళ్ల బంతి ఎంత వేగంతో ఎటు వస్తుందో జర్నైల్‌కి తెలుసు. చోటు కొత్తదే గాని మనుషులు కొత్తవాళ్లు కారు. వెయ్యి కోట్లు పెట్టినా మొదటి రోజు దొరకనిది అదే.

మా వాలీబాల్ కథకి ఇంకో ముక్క మిగిలింది. మరుసటి ఏడాది అదే మిలిటరీ ఆయన్ని పొరుగూరివాళ్లు మాట్లాడుకున్నారు. మావాళ్లు నవ్వుకున్నారు, వాళ్ల డబ్బులూ మట్టిపాలే అని. వాళ్లు చేసిన పని మాకు తర్వాత తెలిసింది. పండక్కి పది రోజుల ముందే వాళ్ల లిఫ్టర్‌ని రోజూ సాయంత్రం సైకిల్ మీద ఆయన ఊరికి పంపారట, చీకటి పడేదాకా ఇద్దరే మడిలో నెట్టు ముందు నిలబడి, ఒకడు లేపడం ఒకడు కొట్టడం. కనుమ రాత్రి వాళ్లతోనే మాకు మ్యాచ్ పడింది. ఆ ఏడాది నన్ను మళ్లీ ముందు వరుసలో పెట్టారు. బ్లాక్ కోసం చేతులెత్తాను. బంతి లేచినట్టే కనపడలేదు, నా చేతుల పక్క నుంచి పోయి వెనకాల మట్టిలో పడింది.